రెయిన్ కోటును తిరగేసి చూసి కొనండి: నల్లగొండ, పాలమూరు బజార్లలో దొరికే మూడు రకాల మీద సమీక్ష

నల్లగొండ క్లాక్ టవర్ కాడైనా, పాలమూరు క్లాక్ టవర్ కాడైనా తొలకరి పడగానే దుకాణాల ముందు రెయిన్ కోట్లు వేలాడుతాయి. మనది వాన తక్కువ ప్రాంతం. అందుకే చాలామంది "ఏడాదికి ఎన్ని రోజులు తడుస్తాం, దానికింత పెట్టాలా" అనుకొని కంటికి ఆనిన చవక కోటు పట్టుకొస్తారు. కానీ ఇక్కడ వాన పడ్డ నాడు లెక్క వేరుగా ఉంటుంది. సాయంత్రం మబ్బు పట్టి, గాలిదుమారం లేచి, అరగంటలో దంచి పోతుంది. తుంపరకు ఆగిన కోటు ఆ దెబ్బకు ఆగదు. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ దాకా లారీల వెనక పోయేవాళ్లకు, జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేవాళ్లకు వాన పైనుంచే రాదు. లారీ టైర్లు చిమ్మే బురదనీళ్లు కింది నుంచి, పక్కల నుంచి కూడా కొడతాయి.

ఈ సమీక్ష ఒక్క కంపెనీ సరుకు మీద కాదు. ఒకే పేరుతో వచ్చే కోట్లలో కూడా బట్ట, కుట్టు మారిపోతుంటాయి కాబట్టి పేరు చూసి మంచీ చెడూ చెప్పడం కొనేవాళ్లకు పెద్దగా అక్కరకు రాదు. దుకాణంలో నిలబడి ఏం చూడాలో తెలిస్తే అక్కరకొస్తుంది. తీర్పు మాత్రం ముందే చెబుతాను. రోజూ బండి మీద 20 నుంచి 60 కిలోమీటర్లు తిరిగే టీచరుకు, బ్యాంకు ఉద్యోగికి, మెడికల్ రిప్రజెంటేటివ్‌కు, పాలు పోసొచ్చే రైతుకు సరిపోయేది రెండో రకం, అంటే పారాచూట్ బట్ట కోటు. అది కూడా కుట్ల మీద లోపల టేపు అతికించిన జాకెట్టు, ప్యాంటు జత అయితేనే. మొదటి రకం, అంటే పీవీసీ కోటు, సీటు కింద పడేసి ఉంచుకోవడానికి. మూడోది, అంటే రైడింగ్ కంపెనీల రెయిన్ గేర్, చాలా మంచిది, కానీ అందరికీ అవసరం లేదు.

మూడు రకాలు

మొదటిది పీవీసీ. చేత్తో పట్టుకుంటే రబ్బరులాగా జారుతుంది, కొత్తలో ప్లాస్టిక్ వాసన గుప్పుమంటుంది. సుమారు 300 నుంచి 600 రూపాయలు. దీంట్లో నీళ్లు బట్టలోంచి దిగవు, ఆ మాట నిజం. చాలావాటికి దారపు కుట్టు ఉండదు, వేడితో అతికిస్తారు కాబట్టి కొత్తలో అతుకుల దగ్గర కూడా నీళ్లు రావు. ఇబ్బందులు తర్వాత మొదలవుతాయి. గాలి ఏమాత్రం ఆడదు కాబట్టి అరగంట వేసుకుంటే లోపల చెమటతో చొక్కా తడుస్తుంది. విప్పినప్పుడు ఆ తడి చూసి "కోటు కారింది" అనుకుంటారు, నిజానికి కారలేదు. ఇక మడత పెట్టిన చోట పీవీసీ బిరుసెక్కి, రెండో ఏడాదికి ఆ మడత గీత వెంటే చీలుతుంది. చంక కింద, తొడల మధ్య అతుకు ఊడుతుంది. సైలెన్సర్‌కు తగిలిందా, కరిగి అంటుకుపోతుంది.

రెండోది దుకాణాల వాళ్లు పారాచూట్ బట్ట అనే రకం. పాలిస్టర్ లేదా నైలాన్ బట్టకు లోపలి వైపు పాలీయూరిథేన్ పూత వేసి ఉంటుంది. జీల్, వైల్డ్‌క్రాఫ్ట్ లాంటి కంపెనీలవీ దొరుకుతాయి, పేరు లేనివీ దొరుకుతాయి. జత సుమారు 800 నుంచి 2,000 రూపాయల దాకా. తేలిక, మడిస్తే చిన్న సంచిలో ఇముడుతుంది, పీవీసీ అంత ఉక్కపోయదు. ఇందులోనే అసలైన మంచీ ఉంది, అసలైన మోసమూ ఉంది. ఎక్కువ మాట దీని మీదే చెప్పాల్సి ఉంటుంది.

మూడోది రైడింగ్ సామాను చేసే కంపెనీల రెయిన్ గేర్. రైనాక్స్, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటివి. జాకెట్టు, ప్యాంటు కలిపితే నాలుగు వేలు దాటుతుంది. కుట్లన్నిటికీ టేపు, గాలికి కొట్టుకోకుండా చేతులకు బిగింపు పట్టీలు, లైటు పడితే మెరిసే పట్టీలు ఉంటాయి. మన్ననూరు మీదుగా నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం పోయేవాళ్లకు, వారం వారం హైదరాబాద్‌కు బండి మీదే పోయొచ్చేవాళ్లకు దీని మీద పెట్టిన డబ్బు వృథా కాదు. ఊరు నుంచి మండల కేంద్రానికి పోయొచ్చే మనిషికి ఆ డబ్బులో రెండో రకం జతతో పాటు మంచి హెల్మెట్, వెనక టైరు కూడా వస్తాయి.

అంగీలాగా మెడలోంచి తొడిగి నాలుగు దిక్కులా వేలాడే పాంచో అని ఇంకొకటి దొరుకుతుంది. నడిచేవాళ్లకు బాగానే ఉంటుంది. బండి మీద మాత్రం వద్దే వద్దు. గాలికి బెలూన్‌లా ఉబ్బి మనిషిని పక్కకు లాగుతుంది, అంచు వెనక చక్రంలోనో చైన్‌లోనో పడిందంటే మనిషిని కింద పడేస్తుంది.

నడిచేటప్పటి వాన వేరు, బండి మీది వాన వేరు

పెద్ద చినుకు సెకనుకు 8, 9 మీటర్ల వేగంతో నేలకు దిగుతుంది. బండి 60లో పోతుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అంటే బండి మీద ఉన్న మనిషికి వాన నెత్తి మీద పడడం కంటే రొమ్ము మీద, మోకాళ్ల మీద ఎదురుగా కొట్టడమే ఎక్కువ. గొడుగు కింద నిలబడ్డప్పుడు చుక్క రాని జిప్పులోంచి బండి మీద పది నిమిషాలకే నీళ్లు వస్తాయి.

కొన్ని కోట్ల చీటీ మీద 3,000 ఎంఎం, 5,000 ఎంఎం, 10,000 ఎంఎం అని ఉంటుంది. ఆ బట్ట మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా నీళ్లు అవతలికి దిగలేదని దాని అర్థం. 5,000 అంటే ఐదు మీటర్ల నీళ్ల బరువు. గొడుగులాగా వాడే బట్టకు 1,500 చాలు. బండి మీదికి మాత్రం 5,000కు తగ్గకుండా చూసుకోండి, ఎందుకంటే సీటు మీద కూర్చున్న చోట మనిషి బరువు కూడా నీళ్లను లోపలికి నొక్కుతుంది. చీటీ మీద అంకె లేకపోతే అది పనికిరానిదని కాదు. అంకె ఉన్నంత మాత్రాన కోటు కారదని కూడా కాదు. ఆ అంకె బట్టది. కుట్టుది కాదు.

తిరగేసి చూడండి

జాకెట్టు తీసుకొని చొక్కా తిరగేసినట్టు లోపలి వైపు బయటికి తిప్పండి. భుజం దగ్గర రెండు ముక్కలు కలిసే కుట్టు కనబడుతుంది. దాని మీద రెండు సెంటీమీటర్ల వెడల్పున, కాస్త మెరుస్తూ, బట్టకు అతుక్కుపోయిన పట్టీ ఉందా? అదే సీమ్ టేపు. వేడితో అతికిస్తారు. అది లేకపోతే కుట్టులో సూది దిగిన ప్రతి చోటా ఒక రంధ్రం ఉన్నట్టే. ఆ కుట్టును దుకాణంలోని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి రెండు పక్కలకూ కొంచెం లాగి చూడండి. దారం పక్కన సూది రంధ్రాలు చుక్కల వరసలాగా వెలుగుతాయి. బట్ట ఎంత గట్టిదైనా వాన ఆ చుక్కల్లోంచి వస్తుంది.

కొన్ని జాకెట్లలో భుజాలకు, వీపుకు టేపు వేసి, చంకల్లో వదిలేస్తారు. కొన్నిటిలో పైన జాకెట్టుకు అంతటా వేసి ప్యాంటుకు అసలు వేయరు. దుకాణదారు జాకెట్టు ఒక్కటే విప్పి చూపిస్తాడు, ప్యాంటు కవరులోనే ఉంటుంది. ప్యాంటు తీయమని అడగండి. మొహమాటపడొద్దు.

ఎందుకంటే బండి మీద మొదట తడిసేది తొడల మధ్యనే. పెట్రోల్ ట్యాంకు మీద పడ్డ నీళ్లు జారి సీటు ముందు భాగంలో, సరిగ్గా మనిషి కూర్చున్న చోట మడుగు కడతాయి. ప్యాంటులో రెండు కాళ్ల కుట్లు, ముందు కుట్టు, వెనక కుట్టు నాలుగూ కలిసేదీ అక్కడే. కింద మడుగు, పైన మనిషి బరువు, మధ్యలో నాలుగు కుట్ల కూడలి. ఇక గతుకు వచ్చినప్పుడల్లా ఆ కుట్టు సాగుతుంది. మంచి ప్యాంటుకు ఆ కూడలి మీద అడ్డంగా ఇంకొక టేపు ముక్కో, వజ్రం ఆకారంలో కోసి కుట్టిన విడి బట్ట ముక్కో ఉంటుంది. ఆ విడి ముక్క ఉంటే నాలుగు కుట్లు ఒక్క చోట కలవవు, కాలు చాపి బండి ఎక్కినప్పుడు చిరగదు కూడా. ఒక్క ఈ ముక్క చూసే ప్యాంటు మంచిదా కాదా అన్నది సగం తేల్చేయొచ్చు.

ముందు వైపు జిప్పు ఉన్న రెయిన్ ప్యాంటు కొనొద్దు. సౌకర్యంగా కనిపిస్తుంది గానీ ట్యాంకు నీళ్లకు అదే దారి. నడుముకు ఎలాస్టిక్, లోపల బొందె ఉంటే చాలు.

దుకాణదారు ఒప్పుకుంటే, లేదా ఇంటికి తెచ్చాక మార్చుకునే గడువులోగా, ఈ పరీక్ష చేయండి. ప్యాంటు తొడల కూడలిని బకెట్ మీద గిన్నెలాగా లోతుగా పరిచి, అందులో ఒక లీటరు నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత కింద పొడి టిష్యూ కాగితం అద్దండి. చెమ్మ తగిలితే మార్చుకోండి. జాకెట్టు భుజాన్ని, చంకను కూడా అలాగే చూడొచ్చు. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా మార్చమంటే ఎవరూ మార్చరు.

జిప్పు విషయం. మామూలు జిప్పు నీళ్లను ఆపదు, దాని మీద కప్పే పట్టీ ఆపుతుంది. ఆ పట్టీ రెండు పొరలుగా ఉండి, మధ్యలో వెల్క్రోతో మెడ నుంచి కింది దాకా ఆగకుండా మూసుకోవాలి. నాలుగు టిచ్ బటన్లు మాత్రమే ఉంటే బటన్‌కూ బటన్‌కూ మధ్య పట్టీ గాలికి తెరుచుకుంటుంది, వాన నేరుగా జిప్పు మీద పడుతుంది. బయటి జేబులు కూడా అంతే. ఎంత మూత ఉన్నా వాటిలో ఫోను, ఆధార్ కార్డు, డబ్బులు పెట్టొద్దు. లోపల ఛాతీ దగ్గర జేబు ఉన్న జాకెట్టు చూసుకోండి, ఫోనును అందులో కూడా జిప్ కవరులో వేసే పెట్టండి.

కొలత

నిలబడి వేసుకొని చూస్తే అన్నీ సరిపోతాయి. దుకాణం ముందు మీ బండి ఉంటుంది కదా, వేసుకొని పోయి దాని మీద కూర్చోండి, హ్యాండిల్ పట్టుకోండి. చేయి చాపితే చొక్కా చెయ్యి రెండంగుళాలు వెనక్కి జరుగుతుంది, మోకాలు మడిస్తే ప్యాంటు అంచు మూడు నాలుగంగుళాలు పైకి లేస్తుంది. అప్పుడు కూడా మణికట్టు కప్పి ఉండాలి, ప్యాంటు అంచు బూటు పైభాగం దాటి కిందికి ఉండాలి. మామూలు సైజు కంటే ఒక సైజు పెద్దది సరిపోతుంది. రెండు సైజులు పెద్దది తీసుకుంటే గాలికి పటపట కొట్టుకొని భుజాలు నొప్పెడతాయి, కుట్లు తొందరగా వదులవుతాయి.

కూర్చున్నాక ఇంకొకటి చూడమని వెనక ఉన్నవాళ్లకు చెప్పండి. జాకెట్టు వెనక అంచు పొడవుగా ఉంటే సీటు వెనక నుంచి జారి టెయిల్ లైటు మీద పరుచుకుంటుంది. వానలో వెనక లారీ డ్రైవరుకు మీ గుర్తు ఆ ఒక్క ఎర్ర లైటే. మోకాళ్ల దాకా వచ్చే పొడుగు కోటు కొన్నవాళ్లు దాన్ని కూర్చునేటప్పుడు తొడల కిందికి మడుచుకోవాలి. ఎవరూ గుర్తు పెట్టుకోరు. అందుకే నడుము కింది దాకా వచ్చే జాకెట్టు, వేరే ప్యాంటు ఉన్న జతే మేలు.

మెడ, చేతులు, కాళ్లు

హెల్మెట్ మీద పడ్డ నీళ్లు వెనక అంచు మీదుగా నేరుగా మెడ మీదికి కారతాయి. జాకెట్టు కాలరు నిలబడి ఉండి, వెల్క్రోతో గొంతు దగ్గర బిగిస్తే చాలావరకు ఆగుతాయి. టోపీ ఉన్న జాకెట్టు అయితే రెండే దారులు. బట్ట బాగా పలుచనిదైతే టోపీ తలకు వేసుకొని దాని మీద హెల్మెట్ పెట్టుకోవచ్చు, కానీ హెల్మెట్ కదలకుండా బిగుతుగా కూర్చోవాలి, తల తిప్పితే టోపీ అంచు కంటికి అడ్డం రాకూడదు. లేదంటే టోపీని చుట్టి కాలరులోకి దోపాలి. వీపు మీద వదిలేస్తే అది చెంబులాగా నీళ్లు పట్టుకుంటుంది, బ్రేకు వేసినప్పుడు ఆ చెంబెడు నీళ్లూ మెడలోకి పోస్తుంది.

చేతులకు గ్లోవ్స్ వేసుకునేవాళ్లు గ్లోవ్ అంచును జాకెట్టు చేతి లోపలికి పెట్టండి. జాకెట్టు మీదికి లాగితే చేతి మీదుగా జారిన నీళ్లన్నీ గ్లోవ్‌లోకి పోతాయి. వానకు ప్రత్యేకంగా గ్లోవ్స్ కొనలేకపోతే మెడికల్ షాపులో దొరికే సర్జికల్ గ్లోవ్స్ లోపల వేసుకొని పైన మామూలువి తొడుక్కోండి. వేళ్లు చల్లబడి బిగుసుకుపోతే క్లచ్, బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది. ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు.

షూ కవర్ల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. సుమారు 200 నుంచి 400 రూపాయలకు దొరికే పీవీసీ కవర్ల అడుగు నున్నగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర తడి తారు మీద కాలు ఆనిస్తే జారుతుంది. ఎడమ కాలి కవరు బొటనవేలి దగ్గర గేర్ రాడ్ తగిలి కొన్ని వారాలకే చిరుగుతుంది. అడుగున గరుకు రబ్బరు, బొటనవేలి మీద అదనపు ముక్క ఉన్నవైతే తీసుకోవచ్చు. పొలం పనికి వాడే గమ్‌బూట్లు వాటికంటే చాలా నయం. మొదట్లో గేరు తగిలినట్టు తెలియదు, ఇంటి దగ్గర రోడ్డు మీద నాలుగు రౌండ్లు తిరిగితే కాలికి అలవాటవుతుంది. ప్యాంటును బూటులోకి దోపొద్దు, బూటు మీదికి వదలండి, లేకపోతే బూటే బకెట్టవుతుంది. చెప్పులతో వానలో బండి నడపడం మాత్రం మానుకోండి. తడి పాదం చెప్పులో జారితే వెనక బ్రేకు మీద కాలు నిలవదు.

ప్యాంటు కాలి అంచుకు వెల్క్రో పట్టీ ఉండాలి, కుడి కాలిది తప్పకుండా బిగించాలి. చాలా బండ్లకు సైలెన్సర్ కుడి పక్కే. వెనక కూర్చున్నవాళ్ల కుడి కాలికి ఇది ఇంకా దగ్గర.

రంగు

దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది నలుపు, నేవీ బ్లూ. మురికి కనబడదని కొంటారు. మబ్బు పట్టిన సాయంత్రం తడిసి నల్లబడ్డ తారు రోడ్డు మీద నల్ల కోటు వేసుకున్న మనిషి, ఎదుటి కారు అద్దం మీద వైపరు ఆడుతుండగా, దగ్గరికొచ్చే దాకా కనబడడు. పసుపు, నారింజ, చిలకపచ్చ రంగులు తీసుకోండి. మురికైతే కడుక్కోవచ్చు. ఇప్పటికే నల్లది ఉంటే మెరిసే టేపు కొని వీపు మీద అడ్డంగా, రెండు చేతుల మీద, హెల్మెట్ వెనక అతికించండి. బట్ట మీద అతికించేటప్పుడు కుట్టొద్దు, కుడితే మళ్లీ రంధ్రాలే.

హెల్మెట్ గ్లాసు

ఒళ్లు తడవకపోయినా కళ్ల ముందు మసక కమ్మితే అన్నీ వృథా. ముందు ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్. మన దేశంలో ఐఎస్ 4151 ప్రమాణం లేని ద్విచక్ర వాహన హెల్మెట్ అమ్మడం 2021 జూన్ 1 నుంచి నిషేధం. దాని గ్లాసు తెల్లదే ఉండాలి. నల్ల గ్లాసుతో వానలో, అందులోనూ చీకటి పడ్డాక నడపడం కళ్లు మూసుకొని నడపడమే. గీతలు పడ్డ గ్లాసు మీద ఎదుటి లైటు పడితే ప్రతి గీతా, ప్రతి చుక్కా వెలిగి రోడ్డు కనబడదు. కొత్త గ్లాసు చాలా హెల్మెట్లకు కొన్ని వందల్లోనే వస్తుంది. ఏటా వానాకాలం ముందు మార్చుకుంటే మంచిది.

లోపల ఆవిరి పట్టడం బయటి వాన వల్ల కాదు, మన ఊపిరి చల్లని గ్లాసుకు తగలడం వల్ల. గ్లాసును ఒక్క మెట్టు పైకి లేపి సందు వదిలితే చాలావరకు పోతుంది. లోపలి వైపు ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ రాసి, ఆరనిచ్చి, మెత్తటి పొడిబట్టతో కనబడకుండా తుడిస్తే ఆ పూటకు ఆవిరి పట్టదు. గ్లాసుకు కంపెనీ వేసిన యాంటీ ఫాగ్ పూత ఉంటే ఈ పని చేయొద్దు, పూత పోతుంది. బురద పడ్డ గ్లాసును పొడిచేత్తో తుడవొద్దు, ముందు నీళ్లు పోయండి. మట్టి రేణువులే గీతలు గీస్తాయి.

వెనక కూర్చున్నవాళ్లు

ఇంట్లో ఇద్దరు తిరిగే బండికి ఒకే కోటు కొనడం మన దగ్గర మామూలు. వెనక ఆమె గొడుగు తెరిచి పట్టుకుంటుంది. గాలి ఒక్కసారి గొడుగును వెనక్కి లాగితే మనిషి దాంతో పాటే వెనక్కి పోతుంది, బండి ముందు చక్రం తేలిపోతుంది. రెండో కోటుకు డబ్బులు లేకపోతే వాన తగ్గేదాకా ఆగండి, గొడుగు మాత్రం తెరవొద్దు. చీర కొంగు, చున్నీ జాకెట్టు లోపలికి పోవాలి. చీర మీద రెయిన్ ప్యాంటు ఎక్కదు కాబట్టి ఆడవాళ్లకు పొడుగు కోటు అమ్ముతారు. అది తీసుకుంటే కింది అంచును సారీ గార్డ్ వైపు వేలాడకుండా ఒడిలోకి మడుచుకొని కూర్చోవాలి.

కోటు కాపాడలేనివి

మొదటి వాన పడ్డ పది పదిహేను నిమిషాలు రోడ్డు అన్నిటికంటే ఎక్కువ జారుతుంది. ఎండాకాలమంతా తారు మీద పేరుకున్న ఆయిల్, దుమ్ము నీళ్లతో కలిసి పేస్టులాగా అవుతుంది. నల్లరేగడి పొలాల్లోంచి ట్రాక్టర్లు రోడ్డెక్కే చోట మట్టి పెళ్లలు పడి ఉంటాయి, తడిస్తే అవి సబ్బే. తెల్ల గీతలు, బ్రిడ్జి మీది ఇనుప జాయింట్లు, వీటి మీద బ్రేకు వేయొద్దు, బండి వంచొద్దు. ముందు బండికి నాలుగు సెకన్ల దూరం ఉంచండి. అది ఒక కరెంటు స్తంభం దాటాక మీరు ఒకటి నుంచి నాలుగు దాకా నిదానంగా లెక్కపెట్టాకే ఆ స్తంభం దగ్గరికి చేరాలి. డ్రమ్ బ్రేకుల్లోకి నీళ్లు పోతే మొదటి పట్టు దొరకదు. మడుగు దాటాక బ్రేకు సన్నగా పట్టి కొంతదూరం పోతే లోపలి తడి ఆరుతుంది.

టైరు గాలి తగ్గిస్తే వానలో పట్టు పెరుగుతుందని ఒక మాట ఉంది. అది తప్పు. గాలి తగ్గితే టైరు గాడులు మూసుకుపోయి నీళ్లను బయటికి తోయలేవు. కంపెనీ చెప్పినంతే ఉంచండి. టైరు గాడి అడుగున చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చాల్సిందే. కోటుకు పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టండి.

చెరువు మత్తడి దుంకి రోడ్డు మీద నుంచి పారుతుంటే, వాగు లోలెవల్ కాజ్‌వే మీదికి వస్తే ఏ కోటూ, ఏ బండీ పనికిరాదు. మోకాలి లోతు కూడా అక్కర్లేదు, పారే నీళ్లు బండిని పక్కకు నెట్టేస్తాయి, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు. వెనక్కి తిరగండి. నిలిచిన నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకొని బయటికి తెచ్చి, ప్లగ్గు విప్పించి చూపించాకే స్టార్ట్ చేయాలి.

ఉరుములు మెరుపులతో వాన వస్తే చేన్ల మధ్య ఒంటరి వేపచెట్టు, చింతచెట్టు కిందికి పోవద్దు. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు మీకు చేరువలోనే ఉన్నట్టు. గోడలు, కప్పు ఉన్న ఇంట్లోకో, పెట్రోల్ బంకు ఆఫీసు గదిలోకో చేరి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. హైవే మీద ఫ్లై ఓవర్ కింద రోడ్డు అంచున గుంపుగా బండ్లు ఆపడం కూడా ప్రమాదమే. ఆగాలనుకుంటే సర్వీసు రోడ్డులోకి దిగండి.

కోటు ఎన్నాళ్లు వస్తుంది

రెండో రకం కోటు మూడు నాలుగు వానాకాలాలు రావాలి. ఒక్క ఏడాదికే పోయిందంటే చాలాసార్లు తప్పు దాచిన తీరులో ఉంటుంది. తడిది తడిగానే చుట్టి సీటు కింద పెడితే పాలీయూరిథేన్ పూత చెమ్మకు, వేడికి జిగటగా మారి పొట్టులాగా రాలుతుంది. చేత్తో రుద్దితే తెల్లటి పొర ఊడొస్తే దాని పని అయిపోయినట్టే, బాగుచేయడం కుదరదు. ఇంటికి రాగానే నీడలో తాడు మీద వేసి, పైవైపు ఆరాక తిరగేసి లోపల కూడా ఆరబెట్టండి. బురదను చల్లని నీళ్లతో, కొంచెం సబ్బుతో, చేత్తోనే కడగండి. వాషింగ్ మెషీన్, బ్రష్, ఇస్త్రీ వద్దు. ప్రతిసారీ ఒకే మడత కాకుండా వదులుగా చుట్టి పెట్టండి.

పైబట్ట మీద నీళ్లు బొట్లుగా జారకుండా పీల్చుకున్నట్టు కనబడితే కంగారు పడొద్దు, పైపూత అరిగింది, లోపలి పూత ఇంకా ఆపుతుంది. కుట్టు దగ్గర టేపు అంచు లేస్తే సీమ్ సీలర్ ట్యూబు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేచిన చోటు తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, కుట్టు వెంట పలుచగా రాసి ఒక రాత్రి వదిలేయాలి. సెల్లో టేపు, ఫెవిక్విక్ వాడొద్దు. ఫెవిక్విక్ ఎండి గట్టిపడ్డ చోట బట్ట వంగలేక పక్కనే చీలుతుంది. తొడల కూడలి దగ్గర టేపు మొత్తం ఊడిన ప్యాంటు మీద మాత్రం శ్రమ పెట్టకండి. జాకెట్టు బాగుంటే ప్యాంటు ఒక్కటే విడిగా ఇస్తారా అని దుకాణంలో అడిగి చూడండి, పాత ప్యాంటు కాళ్లు కోస్తే బండి సీటు మీద కప్పడానికి సరిపోతుంది.